చుక్కకి చెత్త డబ్బా మాన్పించడానికి మాకు ఆరు నెలలు పట్టింది

ముందు ఆ ఆదివారం సంగతి చెప్పాలి. పోయిన ఆగస్టులో, బయట ముసురు పట్టి ఉంది, మావాడు అడిగాడని మొక్కజొన్న కంకులు కాల్చాం. తిన్నాక బెండ్లు వంటింటి చెత్త డబ్బాలో వేసి హాల్లో కూర్చున్నాం. పావుగంట కూడా అయ్యుండదు, లోపలికి వెళ్లి చూస్తే డబ్బా పక్కకి ఒరిగి ఉంది, ఉల్లిపొట్టు, వాడేసిన టీ పొడి నేలంతా పరుచుకుని ఉన్నాయి, బెండ్లు మూడు వేస్తే రెండున్నరే కనిపించాయి. మా కుక్కపిల్ల చుక్క మంచం కిందికి దూరిపోయింది. అప్పటికి దానికి ఏడు నెలలు.

తిట్టాం, తుడిచేశాం, అరుగుతుందిలే అనుకున్నాం. సోమవారం రాత్రి నుంచి వాంతులు మొదలయ్యాయి. మంగళవారం పొద్దున్నకి నీళ్లు తాగినా నిలవలేదు, కడుపు మీద చెయ్యి వేస్తే బిగదీసుకుంటోంది, మోషన్ లేదు. డాక్టర్ ఎక్స్‌రే తీశారు, అందులో సరిగ్గా తేలలేదు, స్కాన్‌లో కనిపించింది. బెండు ముక్క చిన్న పేగులో అడ్డం పడింది. ఆ సాయంత్రమే కడుపు కోసి తీశారు, నా బొటనవేలంత ముక్క. ఇంకొక్క రోజు ఆలస్యం చేసుంటే పేగు చచ్చిపోయేదమ్మా అన్నారు ఆయన. పన్నెండు రోజులు, కుట్లు నాకకుండా మెడకి పెట్టే ఆ ప్లాస్టిక్ కోన్‌తో గోడలకీ కుర్చీలకీ కొట్టుకుంటూ తిరిగింది పిచ్చిది. నేను, మా అత్తయ్య వంతులేసుకుని రాత్రుళ్లు దాని పక్కన పడుకున్నాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కుక్కపిల్ల చెత్త డబ్బాలో మూతి పెట్టడం అంటే చాలా ఇళ్లలో నవ్వుకునే విషయం. ఫోన్‌లో వీడియో తీసి గ్రూపులో పెడతారు, మేమూ పెట్టాం. ఆ బెండు దాకా మాకూ అది ప్రమాదం అనిపించలేదు. అందుకే మేం ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో వివరంగా రాస్తున్నా.

చుక్క మన వీధి కుక్కే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మార్చిలో దొరికింది, తల్లి కనపడలేదు, రెండు నెలల పిల్ల, నుదుటి మీద తెల్ల చుక్క. ఇంట్లో నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల కొడుకు, అత్తయ్య. వీధి కుక్క కాబట్టే చెత్తలో తింటోంది, అది దాని రక్తంలోనే ఉంది, కుక్క తోక వంకర ఎవరు సరిచేస్తారు అని మా బంధువులు చాలామంది అన్నారు. నాకు ఆ మాట చాలా కష్టంగా అనిపించేది. నిజానికి ఇది వీధి కుక్కలకే పరిమితం కాదు, వేలు పోసి కొన్న లాబ్రడార్లూ ఇదే పని చేస్తాయి. మనుషుల ఊళ్ల పక్కన పడేసిన తిండి తింటూనే తోడేళ్లు కుక్కలుగా మారాయని ఒక వాదన కూడా ఉంది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చూపించారు, పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కి సంబంధించిన జన్యువు తోడేలుకి రెండు కాపీలే ఉంటే కుక్కలకి నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయట. అంటే మనం పారేసే అన్నం, రొట్టె తిని బతకడానికి దాని ఒళ్లే అలా తయారైంది. దాని దృష్టిలో మన చెత్త డబ్బా దొంగతనం చేసే చోటు కాదు, తిండి దొరికే చోటు. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక నాకు దాని మీద కోపం పోయింది, పని మొదలైంది.

అంతకుముందు మేం చేసిన తప్పులు చెప్తాను. మొదటిది తిట్టడం. చెత్త చిందరవందరగా ఉన్నచోటికి మెడ పట్టుకుని తీసుకెళ్లి, ఇదేంటి, ఎవరు చేశారు అని గద్దించేవాళ్లం. చెవులు వెనక్కి వేసి, తోక ముడిచి, కళ్లు పక్కకి తిప్పేది. చూడు, తప్పు చేసిందని దానికి తెలుసు అనేవాళ్లం. తెలీదు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించారు. యజమాని గదిలో లేనప్పుడు కొన్ని కుక్కలు వద్దన్న బిస్కెట్ తిన్నాయి, కొన్ని తినలేదు, కానీ తిన్నదో లేదో యజమానులకి కొన్నిసార్లు తప్పుగా చెప్పారు. ఆ తప్పు చేసిన చూపు, కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. అంటే చుక్క మంచం కిందికి దూరింది చేసిన పనికి సిగ్గుపడి కాదు, మా గొంతు చూసి భయపడి. పావుగంట కిందటి పనికీ ఇప్పటి తిట్టుకీ అది లంకె పెట్టుకోలేదు. ఇన్ని నెలలు పసిదాన్ని ఊరికే భయపెట్టామే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. నోట్లో ఏదైనా కనపడితే ఇంట్లో నలుగురం వెంటపడి, మూలకి తోసి, దవడలు విప్పి వేళ్లు పెట్టి లాక్కునేవాళ్లం. దాంతో అది రెండు పాఠాలు నేర్చుకుంది, దొరికింది వెంటనే మింగెయ్యాలి, మనుషులు దగ్గరికి వస్తే గుర్రుమనాలి. ఆపరేషన్ అయిన మూడో వారం ఒక టిష్యూ పేపర్ కోసం మా ఆయన మీద గుర్రుమంది. అంతవరకూ ఎవరి మీదా గొంతు పెంచని కుక్క. ఆ బెండు ముక్కని నమలకుండా మింగడానికి కూడా మేం వెంటపడే అలవాటే కారణమేమో అని నా అనుమానం.

డబ్బా అంచుకి కారం రాయమని ఎవరో చెప్పారు. దయచేసి ఎవరూ చెయ్యకండి. కళ్లు, ముక్కు మండి విలవిల్లాడుతుంది, ఆ మంట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా దానికి అర్థం కాదు.

డాక్టర్ కుట్లు తీసేటప్పుడు ఒక మాట అన్నారు, నాకది బాగా పనికొచ్చింది. అమ్మా, పదిసార్లు వెళ్తే ఒక్కసారి కోడి ఎముక దొరికినా చాలు, ఇంక వందసార్లు వెళ్తుంది అన్నారు. తర్వాత చదివితే తెలిసింది, ప్రతిసారీ ఫలితం వచ్చే పని కన్నా ఎప్పుడో ఒకసారి ఫలితం వచ్చే పనిని మానిపించడమే కష్టమట, స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల మీద, పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం. లాటరీ టికెట్ అలవాటు కూడా ఇలాంటిదే. అంటే మనం తొంభై శాతం జాగ్రత్తగా ఉండి పది శాతం వదిలేస్తే, అలవాటు తగ్గకపోగా గట్టిపడుతుంది. కాబట్టి ట్రైనింగ్ కన్నా ముందు, అసలు డబ్బాలోంచి దానికి ఏమీ దొరకకుండా చెయ్యాలి. ఒక్కసారి కూడా.

ఇది చెప్పినంత తేలిక కాదు. డబ్బా స్టూల్ మీద పెడితే స్టూల్‌తో సహా పడేసింది. పెడల్ డబ్బా కొన్నాం, మూడో రోజుకి మూత సందులోకి మూతి దూర్చడం నేర్చుకుంది. బయట కారిడార్‌లో పెడితే పక్కింటివాళ్లకి ఇబ్బంది, పిల్లులు. చివరికి మా అత్తయ్యకి వచ్చింది ఐడియా. ఇల్లు రంగులేయించినప్పటి ఇరవై లీటర్ల పెయింట్ డబ్బా వాష్ ఏరియాలో ఖాళీగా ఉంది, దాని మూత గట్టిగా నొక్కితే మనకే తియ్యడం కష్టం. శుభ్రంగా కడిగి అడుగున ఒక ఇటుక పెట్టాం, ఒరిగినా మూత ఊడదు, అసలు ఒరగదు. తడి చెత్త అంతా అందులోకే. పొడి చెత్త సింక్ కింద అరలో, చిన్నపిల్లలున్న ఇళ్లలో వాడే లాక్ పెట్టి. చెత్త తీసుకెళ్లే అతను మాకు పొద్దున ఎనిమిదింటికి వస్తాడు, రాత్రి భోజనాల నుంచి అప్పటిదాకా పది పదకొండు గంటలు చెత్త ఇంట్లోనే ఉంటుంది, చుక్క దాడులన్నీ ఆ టైమ్‌లోనే జరిగేవి, ముఖ్యంగా తెల్లవారుజామున. కాబట్టి రాత్రి గిన్నెలు కడిగాక వాష్ ఏరియా తలుపు గడియ పెట్టడం మావాడి డ్యూటీ. వాడు రోజూ క్యాలెండర్ మీద టిక్కు పెడతాడు. బాత్రూమ్ తలుపులు ఎప్పుడూ మూసే ఉండాలి, ఈ నియమం పాటించడానికి అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది మా ఆయన.

చెత్తలో ఏవేవి ప్రమాదమో ఇంట్లో అందరం కూర్చుని చదువుకున్నాం. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి, పచ్చివైనా ఉడికినవైనా. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం, పరమాన్నం గిన్నె నాకించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. చాక్లెట్, టీ పొడి, కాఫీ పొడి గుండెకీ నరాలకీ పడవు. షుగర్ లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం కొంచెం లోపలికి వెళ్లినా కుక్కకి రక్తంలో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉడికించిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి గుచ్చుకుంటాయి. మామిడి టెంక, మొక్కజొన్న బెండు పేగుకి అడ్డం పడతాయి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కడుపులో ఉబ్బుతాయి. బూజు పట్టిన రొట్టె తింటే ఫిట్స్ కూడా రావచ్చు. ఏదైనా మింగిందని తెలిస్తే ఉప్పు నీళ్లు తాగించి కక్కించాలని చూడకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యడమే. మేం ఆదివారం సాయంత్రమే చేసుంటే బహుశా ఆ కోత ఉండేది కాదు.

ఇక నేర్పించడం. మొదటి రోజే ఒక సమస్య బయటపడింది. చుక్కని ఆపడానికి నేను వద్దు అంటాను, మా ఆయన నో అంటారు, మావాడు స్టాప్ అని అరుస్తాడు, అత్తయ్య ఛీ ఛీ అంటారు. పాపం అది ఏది వినాలి? అందరం కలిసి రెండే మాటలు ఖాయం చేసుకున్నాం. నోట్లో ఉన్నదానికి "ఇచ్చెయ్", ఇంకా నోట్లోకి పోనిదానికి "వదిలెయ్". గొంతు మామూలుగా ఉండాలి, గదమాయింపు ఉండకూడదు.

"ఇచ్చెయ్" ముందు నేర్పాం, ఎందుకంటే ఆ గుర్రుమనడం నన్ను బాగా టెన్షన్ పెట్టింది. దాని బంతి దాని నోట్లో ఉన్నప్పుడు, ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, గోరంతది, ముక్కు దగ్గర పెట్టి ఇచ్చెయ్ అంటాను. బంతి వదులుతుంది, ముక్క తింటుంది, ఆ వెంటనే బంతి మళ్లీ దానికే ఇచ్చేస్తాను. ఈ చివరి పని చాలా ముఖ్యం. ఇస్తే పోదు, ఇంకా మంచిది వస్తుంది, పోయింది కూడా తిరిగొస్తుంది అని దానికి నమ్మకం కుదరాలి. రెండు వారాలకి అదే ఏదో ఒకటి పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. చెప్పు, పెన్ను మూత, మావాడి సాక్స్. మంచం కిందికి పరిగెత్తే కుక్క నా కాళ్ల దగ్గరికి తెచ్చి పెడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

"వదిలెయ్" పిడికిలితో మొదలుపెట్టాం. గుప్పిట్లో నాలుగు డాగ్ ఫుడ్ గింజలు పెట్టుకుని కిందికి పట్టుకుంటే నాకుతుంది, గోకుతుంది, గీరుతుంది, మనం ఏమీ అనకూడదు, గుప్పిట విప్పకూడదు. ఎప్పుడో ఒక్క క్షణం మూతి వెనక్కి తీస్తుంది. సరిగ్గా అప్పుడు గుడ్ అని రెండో చేత్తో చికెన్ ముక్క ఇవ్వాలి. గుప్పిట్లోవి ఇవ్వకూడదు, వదిలేసినది ఎప్పటికీ దానికి రాకూడదు, వేరే చోటు నుంచి అంతకన్నా మంచిది రావాలి. అలా అలవాటయ్యాక మాట జతచేశాం. తర్వాత తెరిచిన అరచేతిలో, తర్వాత నేల మీద పాదం అడ్డం పెట్టి, తర్వాత పాదం తీసేసి. రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, తిండికి ముందు. అంతకు మించితే అది విసిగిపోతుంది, మనమూ విసిగిపోతాం.

నెలకి పైగా అయ్యాకే డబ్బా దగ్గరికి వెళ్లాం. ముందు కడిగిన ఖాళీ డబ్బా, మెడకి తాడు వేసి, దూరం నుంచి. తర్వాత అందులో ఉత్త కాగితాలు. తర్వాత బెండకాయ ముచ్చికలు, తర్వాత గుడ్డు పెంకులు. చికెన్ వాసన ఉన్న కవర్ దాకా రావడానికి డిసెంబరు అయింది. ఒక మెట్టు మీద పదిసార్లకి తొమ్మిదిసార్లు వదిలేస్తేనే తర్వాతి మెట్టు, లేకపోతే ఒక మెట్టు వెనక్కి.

మధ్యలో ఒక దశ వస్తుంది, దాన్ని గురించి ముందే తెలిసుంటే చాలామంది మధ్యలో వదిలెయ్యరు అనుకుంటా. డబ్బాలోంచి ఏమీ దొరకకుండా చేసిన రెండో వారంలో చుక్క తగ్గకపోగా రెచ్చిపోయింది. వాష్ ఏరియా తలుపు గోకడం, సింక్ కింద అర తలుపు పళ్లతో లాగడం, రాత్రి మూడింటికి మూలగడం. మా ఆయన ఇది కుదిరే పని కాదు అనేశారు. ఎప్పుడూ పనిచేసే స్విచ్ ఒక్కసారి పనిచెయ్యకపోతే మనం కూడా నాలుగుసార్లు గట్టిగా నొక్కుతాం కదా, అలాంటిదే అది. ఆ టైమ్‌లో తలుపు ఒక్కసారి తెరుచుకుంటే మాత్రం అంతే, గట్టిగా గోకితే తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. తొమ్మిది పది రోజులకి దానంతటదే తగ్గింది.

వద్దు అన్నదానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి, ఇది మా అత్తయ్య నేర్పిన సంగతి. ఆవిడకి మొదట కుక్క ఇంట్లోకి రావడమే ఇష్టం లేదు. కానీ రోజంతా వంటింట్లో ఉండేది ఆవిడే. వంటింటి గడప బయట గోనెపట్టా పరిచి, చుక్క దాని మీద కూర్చున్నప్పుడల్లా ఒక కీరా ముక్కో క్యారెట్ ముక్కో విసిరేవారు. పిలిచి కాదు, కూర్చోమని చెప్పి కాదు, అది తనంతట తాను అక్కడ ఉన్నప్పుడే. "దానికీ ఒక పీట వెయ్యాలమ్మా, పీట లేనివాళ్లే గిన్నెల మీద పడతారు" అన్నారు ఒకరోజు. డబ్బా దగ్గర మేం ఎంత తిప్పలు పడ్డా, అసలు మార్పు ఆ గోనెపట్టా మీదే వచ్చిందని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు తాలింపు చిటపటలాడగానే పరిగెత్తుకొచ్చి పట్టా మీద కూర్చుంటుంది.

దాని ముక్కుకి కూడా పని పెట్టాం. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు యాభై అరవై లక్షలైతే కుక్క ముక్కులో ముప్పై కోట్ల దాకా ఉండొచ్చంటారు, అలాంటి ముక్కుకి రెండు పూటలా గిన్నెలో తిండి పెట్టి ఊరుకుంటే అది ఎక్కడో ఒకచోట వెతుక్కోదా? సాయంత్రం తిండి గిన్నెలో పెట్టడం మానేసి పాత తువ్వాల్లో చుట్టి ఇస్తాం, ఖాళీ గుడ్ల ట్రేలో గింజలు వేసి పైన కాగితం ముక్కలు కప్పుతాం, ఒక్కోరోజు బాల్కనీ అంతా చల్లేస్తాం. నడకకి తీసుకెళ్లినప్పుడు గబగబా లాక్కెళ్లకుండా ప్రతి చెట్టు దగ్గరా కావాల్సినంత సేపు వాసన చూడనిస్తాను. నలభై నిమిషాలు అలా తిరిగిన రాత్రి ఇంక కదలదు.

కార్తీక మాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ముప్పై మంది వచ్చారు, తిన్న ఆకులన్నీ ఎవరో మంచిగానే ఆలోచించి పెద్ద కవర్‌లో వేసి వాష్ ఏరియా బయట పెట్టారు. మేం చూసేసరికి చుక్క మూతి నిండా పులిహోర. రాత్రంతా దాన్ని చూస్తూ కూర్చున్నా, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ తర్వాత పది రోజులు మళ్లీ ప్రతి కవర్ మీదా పడింది. మళ్లీ ఖాళీ డబ్బా దగ్గర మొదలుపెట్టాం. ఈసారి రెండు వారాలకే గుడ్డు పెంకుల దాకా వచ్చేసింది. ఇప్పుడు ఇంటికి నలుగురైదుగురు వస్తున్నారంటే ముందే చుక్కని పడకగదిలో తువ్వాలు చుట్టతో ఉంచేస్తాను, అది దానికి శిక్షలా ఉండకుండా చూసుకుంటాను.

ఇప్పుడు దానికి పధ్నాలుగో నెల. మొన్న అత్తయ్య కూర కలుపుతుంటే చికెన్ ముక్క గరిటె మీంచి జారి గడప దగ్గర పడింది, మసాలా, ఉల్లి అన్నీ ఉన్న ముక్క. ఆవిడ వదిలెయ్ అనేలోపే చుక్క దాని వైపు చూసి, ఆవిడ వైపు చూసి, పట్టా మీదే కూర్చుంది. ఆవిడ ముక్క తీసేసి, ఫ్రిజ్‌లోంచి దాని చికెన్ డబ్బా తీసి ఒకటి కాదు, నాలుగు పెట్టారు.

బాత్రూమ్ డబ్బా పని ఇంకా అవ్వలేదు. టిష్యూ కాగితం కనపడితే దానికి ఇప్పటికీ మాట వినపడదు. ఈ వారమే ఖాళీ డబ్బాతో మొదలుపెట్టాం, అప్పటిదాకా ఆ తలుపు మూసే ఉంటుంది.